గోడగారి తలతిరుగుడు చార్టు

గోల్‌పోస్టుకి తల కొట్టుకున్న పదహారో రోజున అతను ఆ ఫిజియో క్లినిక్కి వచ్చాడు. వచ్చాడు అనడం కంటే వాళ్ళమ్మ లాక్కొచ్చింది అనడం న్యాయం. టీములో అందరూ అతన్ని ‘గోడ’ అంటారు. ఎవరు ఎటు కొట్టినా బంతి అతన్ని దాటి వలలోకి పోదని ఆ పేరు. ఆ గోడగారు ఇప్పుడు మంచినీళ్ళు తాగడానికి లేవాలన్నా ఇంట్లో గోడలు పట్టుకుని నడుస్తున్నాడు. ఈ సంగతి టీముకి తెలియదు.

తలకి దెబ్బ తగిలి మెదడు అదిరిందనీ, దాన్నే కన్‌కషన్ అంటారనీ, లోపల రక్తస్రావం ఏమీ లేదనీ, ఈ తల తిరగడం మాత్రం వ్యాయామాలతోనే మెల్లగా తగ్గాలనీ డాక్టరు విడమరిచి చెప్పాడు. మన హీరో చెవికెక్కింది ‘ఏమీ లేదు’ అన్న రెండు ముక్కలే.

ఫిజియో అమ్మాయి ఫైలు తెరిచి, జుట్టు ముడిలో దోపుకున్న పెన్ను బయటికి లాగింది.

“సున్నా నుంచి పది దాకా ఒక నంబరు చెప్పండి. సున్నా అంటే తల అసలు తిరగట్లేదు. పది అంటే బకెట్ తెప్పించాలి. ఇప్పుడెంత?”

“సున్నా,” అన్నాడు, కుర్చీ చేతుల్ని రెండు చేతులా బిగించి పట్టుకుని.

“మరి కుర్చీని ఎందుకలా పట్టుకున్నారు? అదేమైనా పారిపోతుందా?”

మూలన కూర్చున్న వాళ్ళమ్మ కిసుక్కున నవ్వింది. పరువు పోయిందని కొడుకు ఉడుక్కున్నాడు.

“పెద్దవాళ్ళు రెండుంటే ఆరంటారు. మీలాంటి కుర్రాళ్ళు ఆరుంటే సున్నా అంటారు. నేనే లెక్క సరిచేసుకుంటాను లెండి,” అని ఆమె ఆరు రాసుకుంది. నిజానికి అప్పుడు అతనికి ఏడు.

అబద్ధానికి కారణం లేకపోలేదు. నెలాఖరు శనివారం పెద్ద జట్టుకి సెలక్షన్ మ్యాచ్ ఉంది. తలకి దెబ్బ తగిలినవాడు ఈ క్లినిక్ సంతకం పెట్టిన కాగితం చూపిస్తే తప్ప మైదానంలోకి రానివ్వరు. నాలుగేళ్ళు ఎండనక వాననక మోకాళ్ళు చెక్కుకుపోయేలా దూకింది ఆ ఒక్క మ్యాచ్ కోసమే. ఆ సంతకం ఈ అమ్మాయి చేతిలో ఉంది.

ఆమె ఒక అక్షరం రాసిన కార్డుని అతని మొహానికి ఎదురుగా పట్టుకుంది. “చూపు అక్షరం మీదే ఉంచి, వద్దు వద్దు అన్నట్టు తల ఊపండి. అక్షరం కదిలినట్టు కనిపిస్తే చెప్పండి.”

అతను ఊపాడు. చూపు మెల్లగా కార్డు దాటి పైకి పాకింది.

“అక్షరాన్ని చూడండి.”

“దాన్నే చూస్తున్నానండీ.”

“అక్షరాలకి కాటుక ఉండదండీ.”

గోడగారు తడబడ్డాడు. కానీ మైదానంలో బంతిని వదలనివాడు ఇక్కడ అవకాశం వదులుతాడా! గొంతు సవరించుకుని, అద్దం ముందు ప్రాక్టీసు చేసిన చిరునవ్వొకటి పెట్టుకుని, “నిజం చెప్పాలంటే మేడమ్, మిమ్మల్ని చూస్తేనే నా తల తిరుగుతోంది,” అన్నాడు.

ఆమె రాస్తున్న ఫైలు మీంచి తలెత్తలేదు. “ఈ నెలలో ఆ మాట అన్న నాలుగో పేషెంటు మీరు. మొదటాయనకి డెబ్భై రెండేళ్ళు. ఆయన మీకంటే బాగా అన్నారు.”

వాళ్ళమ్మ నవ్వాపుకోలేక దగ్గుతున్నట్టు నటించింది.

రెండో వారానికి అతనికి ఇంకాస్త ధైర్యం వచ్చింది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, “సాయంత్రం కాఫీకి వస్తారా?” అని అడిగేశాడు.

“ఫైలు తెరిచి ఉన్నన్నాళ్ళూ మీరు పేషెంటు. నేను పేషెంట్లతో కాఫీ తాగను. మీరు కోలుకుని, ఫైలు మూసేశాక అడిగి చూడండి.”

ఇంకేం! సున్నా అంటే మ్యాచ్ దక్కుతుంది. సున్నా అంటే కాఫీ దక్కుతుంది. ఒక్క సున్నాకి ఇంత విలువ ఉందని బళ్ళో లెక్కల మాస్టారు కూడా అతనికి చెప్పలేదు. ఇంటికి వెళ్ళగానే, రోజుకి మూడు పూటలా చేసి టిక్కు పెట్టాల్సిన వ్యాయామాల చార్టు ముందేసుకుని ఏకబిగిన పని పూర్తిచేశాడు. వ్యాయామాలు కాదు, టిక్కులు.

మర్నాడు ఆమె ఆ చార్టుని చాలాసేపు చూసింది.

“ఇవాళ ఏ వారం?”

“మంగళవారం.”

“శుక్రవారం సాయంత్రం కూడా చేసేశారే! తల తిరుగుడు సున్నా అని కూడా రాశారు. శుక్రవారం ఎలా గడిచిందేమిటి?”

ఆమె స్పాంజి దిమ్మ నేల మీద వేసి, దాని మీద కళ్ళు మూసుకుని నిలబడమంది. సినిమాల్లో ఇలాంటప్పుడు హీరో తూలి హీరోయిన్ చేతుల్లో పడతాడు. ఇక్కడ పట్టుకోవడానికి ఆమె చెయ్యి చాచేలోపే అతను అటువైపు తూలి, వాళ్ళమ్మ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు మీద పడ్డాడు. బ్యాగులో కళ్ళజోడు విరిగింది.

“పళ్ళు తోముకునేటప్పుడు కూడా గోడ పట్టుకుంటాడమ్మా వీడు,” అని తల్లి ఉన్నదంతా కక్కేసింది. “అడిగితే స్టైలంటాడు!”

ఫిజియో నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

“నాకు అబద్ధం చెప్తే నాకేం నష్టం లేదు. ఈ తల మానకముందే ఇంకో దెబ్బ తగిలితే పోయేది మ్యాచ్ కాదు. వ్యాయామం ఒకేసారి పెంచకూడదు, మీ నంబరుని బట్టే మెల్లగా పెంచాలో తగ్గించాలో నేను చూసుకుంటాను. మీ తలలో ఏం జరుగుతోందో చూడ్డానికి నాకు కిటికీ లేదండీ. మీ నోరొక్కటే ఉంది. అది కోతలు కోస్తోంది.”

అతనికి మొదటిసారి సిగ్గేసింది. ఆ పూట నుంచి బుద్ధిగా చేశాడు. ఆరు, ఐదు, ఐదు, మళ్ళీ ఆరు, నాలుగు. చార్టు నిండా కొట్టివేతలు పడ్డాయి. అలాంటి చార్టుని చూసి ఆమె మొహం విప్పారడం అతను గమనించాడు. టిక్కుల చార్టుకి ఆ మొహం దొరకలేదు మరి.

మ్యాచ్‌కి ముందురోజు శుక్రవారం. చివరి పరీక్ష. స్పాంజి మీద కళ్ళు మూసుకుని అరనిమిషం నిలబడ్డాడు, పడలేదు. తల తిప్పుతూ వరండా చివరిదాకా తిన్నగా నడిచాడు. కళ్ళు కూడా అక్షరం మీంచి జారలేదు. ఆమె కాగితం బల్ల మీద పెట్టి పెన్ను మూత తీసింది.

“అన్నీ బాగున్నాయి. నంబరెంత?”

ఎడమవైపు తిరిగినప్పుడు వరండా కొద్దిగా ఒరిగింది. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు. నాలుగేళ్ళు కళ్ళముందు తిరిగాయి. పెన్ను కాగితానికి బెత్తెడు దూరంలో ఉంది. సున్నా అనేస్తే మ్యాచూ, కాఫీ రెండూ చేతికొస్తాయి.

“మూడు,” అన్నాడు.

ఆమె పెన్ను ఆగిపోయింది. “ఏమన్నారు?”

“మూడండీ. ఎడమవైపు తిరిగితే.” అతను కాగితం వైపు చూశాడు. “మ్యాచ్ పోయినట్టేగా?”

ఆమె పెన్నుకి మూత పెట్టి కాగితాన్ని పక్కకి జరిపింది. “నాకేం కనిపించలేదు. మీరు సున్నా అనుంటే సంతకం పెట్టేసేదాన్ని.” ఎప్పుడూ వెటకారంగా మోగే గొంతు చిన్నదైపోయింది. “థాంక్స్.”

శనివారం అతను గేటు బయట నిలబడి, తన జాగాలో ఇంకొకడు దూకడం చూశాడు. రెండు గోల్స్ వదిలేసి కూడా వాడు ఎంపికయ్యాడు. గోడగారు ఇంటికొచ్చి దిండులో మొహం దాచుకుని ఏడ్చాడు. మర్నాడు పొద్దున్నే లేచి అక్షరం ముందు తల ఊపాడు.

ఐదు వారాలు పట్టింది. వాన దంచి కొడుతున్న ఒక మధ్యాహ్నం ఆమె అన్ని పరీక్షలూ రెండేసి సార్లు చేసి, “సున్నా” అన్న అతని మాట నమ్మి, సంతకం పెట్టి, ఫైలు మూసి అలమరలో పడేసింది. మళ్ళీ సెలక్షన్ వచ్చే ఏడాదే. అయినా అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

వాళ్ళమ్మ కొత్త కళ్ళజోడు సర్దుకుంటూ లేచింది. “నాకు పనుందిరా,” అంటూ ఉన్న ఒక్క గొడుగూ తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు.

“ఫైలు మూశాను,” అంది ఆమె, వానని చూస్తూ.

“చూశాను.”

“అడగరా?”

“కాఫీకి వస్తారా?”

“ముందు నంబరు చెప్పండి. తలది కాదు. ఇక్కడిది,” అని వేలితో అతని గుండె మీదున్న చొక్కా జేబు వైపు చూపించింది.

అతను నిజాయితీగా ఆలోచించాడు. “ఆరు.”

“ఆరేనా!” ఆమె మొహం మాడిపోయింది.

“ఒకేసారి పెంచకూడదు, మెల్లగా పెంచుకుంటూ పోవాలని మీరేగా చెప్పారు!”

ఆమె పకపకా నవ్వింది. అన్ని వారాల్లో అతను ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

“సరే. ఇవాళ్టి కాఫీకి నంబరు ఆరు. రేపు సాయంత్రం మళ్ళీ తాగుదాం, ఏడవుతుందేమో చూద్దాం,” అని చున్నీ తలమీద కప్పుకుని వానలోకి దిగి, వెనక్కి తిరిగింది. “రేపటి టిక్కు మాత్రం ఇవాళే పెట్టేయకండి.”