పిట్టను చూడని కళ్లు

ఏజెంట్ దస్రు శవం మోకాలెత్తు గడ్డిలో దొరికింది. చేతులు బైనాక్యులర్‌ను ఇంకా కళ్లకు ఆనించే ఉన్నాయి. మెడ వెనక సూదిమొనంత రంధ్రం.

"పిట్టను చూస్తుంటే పొడిచిండ్రు," అన్నాడు చీఫ్ వెంకటనారాయణ, ఖమ్మం లాడ్జి గదిలో రేడియో గొంతు పెంచి. "గుట్ట మీది రాడార్ స్టేషన్ ప్లాన్లు ఫిల్ముకెక్కినయ్. రేపు పొద్దున అక్కడ్నే పిట్టలు చూసే బర్డ్ వాక్. మైదానం అవతల భద్రాచలం రోడ్డు మీద ఫారినర్ల జీపు ఉంటది. ఫిల్ము ఆ జీపు ఎక్కొద్దు."

"తెచ్చేది ఎవరు సార్?" అడిగాడు ఏజెంట్ హాతీరాం.

"నీతో నడిచే ఆరుగురిలో ఒకరు. అందులో ద్వాలి కూడా ఉంటది. మనకూ పనిచేస్తది, వాళ్లకూ పనిచేస్తది. అసలు ఎవరి మనిషో దస్రుకు తెలిసే ఉంటది."

డిపార్ట్‌మెంట్ హాతీరాంకు బ్యాంకు క్లర్కు వేషం ఇచ్చింది, పిట్టల పుస్తకం ఇచ్చింది. పిస్టల్ మాత్రం ఇంకా శాంక్షన్ కాలేదు.

తెల్లవారుతుండగా వరుసగా గడ్డిలోకి దిగారు. ముందు గైడ్ వెంకటప్పయ్య, రిటైర్డ్ రేంజరు, చేతిలో నల్ల గొడుగు. ఆయన వెనక హాతీరాం. హాతీరాం వెనక ద్వాలి: నల్ల కళ్లద్దాలు, సెంటు వాసన, పొడుగాటి లెన్సు కెమెరా. చివర నలుగురు లెక్చరర్లు. గడ్డి గరగరలాడినప్పుడల్లా హాతీరాం ఉలిక్కిపడి వెనక్కి చూస్తున్నాడు.

"ఏందన్నా, గట్ల వణుకుతున్నవ్? చలికా, నన్ను చూసా?" అంది ద్వాలి.

"చలికే."

"మఫ్లర్ మెడకు మంచిగ చుట్టుకో. దస్రు చుట్టుకోలే."

హాతీరాం మఫ్లర్‌ను ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

దూరంగా జీపు కనిపించింది. వెంకటప్పయ్య ఠక్కున ఆగాడు.

"బట్టమేక పిట్ట! ఎడమ దిక్కు! జల్దీ చూడుండ్రి!"

పిట్టల పిచ్చోళ్లకు జన్మకొకసారి కనబడితే గొప్ప. బైనాక్యులర్లన్నీ ఒక్కసారే లేచాయి. ఆ క్షణంలో పక్కన మనిషి కూలినా వాళ్లకు పట్టదు. దస్రు ఇట్లాగే పోయాడని హాతీరాంకు అప్పుడు వెలిగింది. బైనాక్యులర్ ఎత్తకుండా గిర్రున వెనక్కి, ద్వాలి వైపు తిరిగాడు.

ఆమె పిట్టను చూడటం లేదు. లెన్సు సూటిగా అతని మొహం మీదే ఉంది.

"వంగు!" అని అరిచింది.

వంగాలని వంగలేదు. భయానికి మోకాళ్లే మడతపడ్డాయి. లెన్సులోంచి టప్‌మని మత్తుసూది దూసుకొచ్చి, అతని తల మీదుగా పోయింది. వెనక ఎవరో మూలిగారు.

తిరిగి చూస్తే వెంకటప్పయ్య కూలబడుతున్నాడు. గొడుగు కొసన సన్నటి సూది, హాతీరాం మెడకు జానెడు దూరంలో మెరుస్తోంది. ఆయన బైనాక్యులర్‌కు మూతలు కూడా తీయలేదు.

గొడుగు పిడి తిప్పితే ఫిల్ము రోలు బయటపడింది. రోడ్డు మీద జీపు దుమ్ము లేపుకుంటూ పారిపోయింది.

"బట్టమేక పిట్టను ఇడిసిపెట్టి నీ మెడను చూస్తుండె," అంది ద్వాలి, ఆయాసపడుతూ. "గప్పటిదాకా నాకూ తెలవదు."

"ఇంతకూ నువ్వు ఎవరి మనిషివి?"

"ఈ నెలనా? మీ మనిషినే."

నలుగురు లెక్చరర్లూ ఎడమవైపే చూస్తున్నారు. వాళ్లలో ఒకాయన బైనాక్యులర్ దించకుండానే విసుక్కున్నాడు.

"కాస్త మెల్లగా మాట్లాడండమ్మా, పిట్ట బెదిరిపోతుంది."