వేగం అందుకునేదాకా

శాంసన్ వేళ్ల మీద స్కేలు దెబ్బ ఫట్‌మని పడింది.

"చెయ్యి తీయ్! ఎవరు లాగమన్నారు?"

"నాలుగు వేల అడుగులు వచ్చింది గదా షాలినీ."

"ఎత్తు వచ్చింది. వేగం వచ్చిందా?"

వాళ్లు ఎగురుతున్నది ఆళ్లగడ్డలో, షాలిని వాళ్ల మిద్దె మీద. రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఎదురుగా ఫ్రిజ్ అట్టపెట్టె మీద స్కెచ్ పెన్నుతో గీసిన డయల్స్. పవర్ పెంచి తగ్గించే థ్రాటిల్‌కు బదులు సైకిల్ పంపు. వాళ్లిద్దరిలా ఫ్లయింగ్ స్కూల్లో చేరినవాళ్లు సెలవు రోజున ఇట్లాగే కుర్చీల్లో కూర్చుని చేతులకు అలవాటు చేసుకుంటారు.

పైకి ఎక్కేటప్పుడు చిన్న విమానానికి ఫుల్ పవర్ కావాలి. ఎత్తు చేరాక ముక్కు దించి, వేగం అందుకునేదాకా ఆగి, అప్పుడు పవర్ తగ్గించాలి. శాంసన్ ఆగడు. చేరీ చేరగానే తగ్గిస్తాడు. విమానం నీరసపడి కిందికి జారుతుంది. పోయిన టెస్టు అందుకే పోయింది. రేపు మళ్లీ ఉంది.

తెలియక కాదు. కావాలనుకున్న చోటికి చేరగానే అతని లోపల ఏదో బెదిరిపోతుంది. ఎవరైనా వద్దనేలోపే తానే వెనక్కి తగ్గుతాడు.

ఈ జబ్బు విమానంతోనే పోతే బాగుండేది. పోయిన ఆదివారం బస్టాండులో, నంద్యాల బస్సు కదులుతుండగా, "నువ్వంటే నాకిష్టం" అనేశాడు. షాలిని నోరు తెరిచేలోగా ఫుట్‌బోర్డు ఎక్కేశాడు. బస్సు శిరివెళ్ల చేరకముందే ఫోను ఆపేశాడు. వారమంతా క్లాసులో చివరి బెంచీ. ఇవాళ ఆమె ప్రాక్టీసుకు రమ్మంటే వచ్చాడు గానీ, ఆ జవాబు ఇంకా ఆమె దగ్గరే ఉంది. వినకుండా ఉండలేడు. వినాలంటే భయం.

షాలిని వాళ్లమ్మ లూదియా మెట్లెక్కి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందమ్మే, పొద్దున్నించీ అట్టపెట్టెను చూస్తాండారు?"

"విమానం తోల్తాండామమ్మా."

"తోలండి. దిగేటప్పుడు ఎండబోసిన నా మిరపకాయల మీద దిగొద్దు."

"సరే ఆంటీ," అన్నాడు శాంసన్ బుద్ధిగా. ఆమె నవ్వుకుంటూ దిగిపోయింది.

"మళ్లీ," అంది షాలిని.

పంపు పిడి లోపలికి నెట్టాడు. "ఎత్తు వచ్చింది. ముక్కు దించినా."

"ఇంగ?"

"వేగం పెరగనిస్తాండా."

"పిడి ఎనక్కి వస్తాండాది."

"గాలికి."

"యాడుంది గాలి? ఆకు కూడా కదలడంల్యా."

అతను పెదవి కొరుక్కుని ఆగాడు. ఏమీ చేయకుండా ఉండడం ఇంత కష్టమని ఎప్పుడూ అనుకోలేదు.

"ఇప్పుడు," అంది ఆమె మెల్లగా.

పిడి కొంచెం వెనక్కి లాగాడు. ముక్కు నిలకడగా ఉండేట్టు ట్రిమ్ సరిచేశాడు. అట్టపెట్టెకు గుచ్చిన ఎర్ర గుబ్బ తిప్పి ఇంజిన్‌కు వెళ్లే పెట్రోలు తగ్గించాడు.

"పాసా?"

"ఇందులో పాసు. పోయినాదివారం అన్నది ఇప్పుడు మళ్లీ అను. ఈడ బస్సు లేదు."

శాంసన్ అట్టపెట్టెనే చూస్తూ అన్నాడు. అనగానే కాళ్లు లేవబోయాయి.

"కూకో."

కూర్చున్నాడు.

"ఆ పొద్దు నేను బస్సు ఎనక ఉరికినా. తెల్సా నీకు?"

"నువ్వా?"

"చెప్పు తెగింది. ఆటో అన్న ఆపి, ఏం మర్చిపోయినావమ్మా అన్నాడు. నేను కాదన్నా, ఆ పిల్లోడే జవాబు మర్చిపోయి పోతాండాడు అన్నా."

"ఏం జవాబు?"

"దేవుడా! ఇష్టం లేకనే చెప్పులు తెంపుకుంటారా ఎవరన్నా?"

నల్లమల మీద మబ్బులు కిందికి దిగుతున్నాయి. ఆమె ఇంకా డయల్స్ వైపే చూస్తోంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అతను ఈసారి లేవలేదు.

కింది నుంచి లూదియా కేక వేసింది. "అమ్మే, ఆ పిల్లోడు తిని పోతాడా?"

"తింటానత్తా!" శాంసన్ గట్టిగా అనేశాడు.

షాలిని గబుక్కున తిరిగి చూసింది. కింద గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సారీ ఆంటీ అనాలని మాట నాలుక దాకా వచ్చింది. దాన్ని మింగేసి, కుర్చీలోనే కూర్చున్నాడు.

మళ్లీ గిన్నెలు కదిలాయి, లూదియా గొంతు వినిపించింది.

"అట్లయితే బిరీన రా నాయనా. మీ మామ అన్నం తట్ట ముందర కూసోని ఉండాడు."