తడిపిన జెర్సీ

పొద్దున్నే ఇస్త్రీ పెట్టె వేడెక్కిందంటే చాలు, లాండ్రీ ఆయనకు మ్యాచి మొదలైనట్టే. బల్ల మీద దుప్పటి పరిచి, తడి చొక్కా మీద పెట్టె నడుపుతుంటే లేచే ఆవిరిలో ఆయనకు కూతురు కనబడుతుంది. పొడుగాటి పిల్ల, బంతి పట్టుకుని గాల్లోకి లేస్తుంది. లేచిన పిల్ల దిగదు. పెట్టె కాలరు దాటి చేతుల మీదికి వచ్చేదాకా అలా గాల్లోనే తేలుతూ ఉంటుంది. ఆ తర్వాత బంతి రింగులో పడుతుంది, నీళ్ళలోకి చేప జారినట్టు, చప్పుడు లేకుండా.

నిజానికి ఆయన ఒక్క మ్యాచీ చూడలేదు. "నువ్వొస్తే నాకు చేతులు వణుకుతాయి నాన్నా" అని కూతురు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో చేరిన ఏడే కట్టడి చేసింది. ఆయనకు పెద్ద బాధేమీ లేదు. చూసినవాడికి ఒకటే మ్యాచి, ఊహించుకునేవాడికి వంద.

"నిన్న మనమ్మాయి ఎన్ని వేసింది?" అడిగాడు బట్టల కోసం వచ్చిన లెక్కల మాస్టారు.

"పద్దెనిమిది పాయింట్లు సార్! ఆఖర్లో అవతలి పిల్ల అడ్డమొస్తే మనది ఇలా మెలిక తిరిగి..." పెట్టె చేత్తో పట్టుకునే మెలిక తిరిగాడు.

"నా ప్యాంటు మీద తిరక్కయ్యా, కాలుతుంది."

లోపల భార్య గిన్నె ఠంగున కింద పెట్టింది. మ్యాచి కబుర్లు వినబడితే ఆవిడ చేతిలోది చప్పుడు చేస్తుంది. రెండేళ్ళుగా ఇదే వరస. ఎందుకో ఆయన ఎన్నడూ అడగలేదు.

ఆ ఇంట్లో ఉతుకు ఆవిడది, ఇస్త్రీ ఆయనది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. ఆ రోజు మాత్రం ఆవిడ బొటనవేలికి గోరుచుట్టు లేచి సలుపుతుంటే, "నువ్వు నీళ్ళలో చెయ్యి పెట్టకు, నేను జాడిస్తాలే" అని ఆయనే పెరట్లో కుళాయి దగ్గర కూర్చున్నాడు.

"పిల్ల జెర్సీ ఉంచెయ్. అది నేను రేపు..." ఆవిడ అంటూండగానే మూటలోంచి లాగేశాడు.

నీలం జెర్సీ. ఇంకా తడిగా ఉంది. చేత్తో అటూ ఇటూ తిప్పాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాసిన బట్ట ముట్టకపోయినా, సరిగ్గా ఉతకని చొక్కాకి వేడి తగలగానే చెమట ఎక్కడ పట్టిందో ఇస్త్రీ చేసేవాడికి ఇట్టే తెలుస్తుంది. చెమట చంకల్లో, వీపు నడిమధ్య పడుతుంది, ఆరిన అంచున తెల్లగా ఉప్పు చార కడుతుంది. ఇదేమో మెడ నుంచి కింది అంచు దాకా ఒకే తీరున తడిసింది. వాసన లేదు, చార లేదు.

"ఇవి కుళాయి నీళ్ళు" అన్నాడు.

భార్య వేలికి కట్టిన గుడ్డ సర్దుకుంది.

అప్పుడే కూతురు తల వంచుకుని గుమ్మం దాటి వచ్చింది. పదమూడో ఏట నుంచీ ఆ గుమ్మంలో తల వంచడం ఆ పిల్లకి అలవాటు. వీధిలో అందరూ నిచ్చెన అంటారు. తండ్రి చేతిలో జెర్సీ చూశాక వంచిన తల ఎత్తలేదు.

"నిన్న ఆడావా?"

కూతురు చెప్పులు విడిచి గోడ వారకి సర్దింది.

"నిన్నేనే అడిగేది!"

"లేదు నాన్నా."

"మొన్న?"

"లేదు."

"మరెప్పుడు ఆడావు?"

"పోయినేడు ఒకసారి. ఆరు నిమిషాలు. మిగతా అన్నిసార్లూ బెంచీ మీదే."

ఆయన జెర్సీని బకెట్లోకి విసిరాడు. "రెండేళ్ళు! వచ్చినవాడికల్లా చెప్పానే! రేపు మాస్టారి మొహం ఎలా చూడను? పద్దెనిమిదని ఏ నోటితో చెప్పావు?"

"మొదటి మ్యాచి అయ్యాక నువ్వు 'ఎన్ని వేశావు?' అన్నావు. 'ఆడావా?' అని అడగలేదు. నీ మొహం చూస్తే నోట్లోంచి ఆరు అని వచ్చేసింది. తర్వాత ఆరు ఎనిమిదైంది, ఎనిమిది పన్నెండైంది. తగ్గించడం చాతకాలేదు."

"అయితే ఇంక ఆ ఆట వద్దు. కూర్చోడానికి కాలేజీ దాకా ఎందుకు? మన కొట్టు ముందూ ఉంది బెంచీ. రేపట్నుంచి సాయంత్రాలు ఇక్కడ కూర్చో."

"ఈ ఒక్క ఏడాదీ ఉండనీ నాన్నా. ఇదే ఆఖరు." పిల్ల బకెట్లోంచి జెర్సీ పైకి తీసింది.

"గోరుచుట్టు నాకైతే రోకటిపోటు నీకు పడ్డట్టు అరుస్తావేమయ్యా?" అంది భార్య.

"నీకు ముందే తెలుసా?"

"ఉతికేదాన్ని. మొదటి నెలలోనే తెలుసు. ప్రాక్టీసు బట్టలు పిండితే ఉప్పు కారుతుంది, మ్యాచి జెర్సీ మాత్రం పంపు కింద తడిసి వస్తుంది. రేపో మాపో మానేస్తుందనుకున్నా. మానలేదు. ఆడించకపోయినా రోజూ వెళ్ళే పిల్లని ఏమని ఆపను? అబద్ధం చెప్పింది అదే, కాదనను. ఆ అబద్ధానికి గంజి పెట్టి, మడతపెట్టి వీధంతా పంచింది ఎవరు?"

ఆయన కొట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఆవిరి లేచింది, అందులో ఎవరూ ఎగరలేదు. ఉత్త ఆవిరి.

మర్నాడు కూతురు టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెడితే, తల ఎత్తకుండానే అడిగాడు. "రెండేళ్ళు అక్కడ కూర్చుని ఏం చేశావే?"

"చూశాను."

"ఏం చూశావు?"

"తప్పిన బంతి ఎక్కడ పడుతుందో. అందరూ రింగులో పడేదే చూస్తారు. కుడి మూల నుంచి వేసి తప్పితే ఎక్కువసార్లు ఎడమకే పోతుంది. దూరం నుంచి వేస్తే దూరంగా ఎగురుతుంది."

"మీ కోచ్ మేడమ్‌కి చెప్పావా?"

"చెప్పాను. తెలిస్తే చాలదు, అక్కడ నిలబడాలి అంది. తోస్తే పడిపోతున్నాను నాన్నా. ఉన్నదంతా పొడుగే, కాళ్ళకి కుదురు లేదు."

ఆయన పెట్టె పక్కన పెట్టాడు. చాలాసేపు కూతురి కాళ్ళ వంక చూశాడు. "పెట్టె చేత్తో తోస్తామనుకుంటారు అందరూ. నడుముతో తోస్తాం. ఏదీ, ఇలా నిలబడు. కాళ్ళు ఎడంగా పెట్టు. మోకాలు బిగించకు."

ఆ రోజు మొదలు, కొట్టు తెరవక ముందు లాండ్రీ ఆయన దుప్పట్ల మూట భుజాన వేసుకుని కూతుర్ని గుద్దడం, కూతురు వెళ్ళి తువ్వాళ్ళ మీద పడడం. "తండ్రీ కూతుళ్ళకి ఒకేసారి పిచ్చి పట్టింది" అనేది భార్య, ఉతికినవి మళ్ళీ ఏరుకుంటూ. రెండు నెలలకి పిల్ల పడకుండా వెనక్కి జరిగింది. మూడో నెలలో మూటే వెనక్కి జరిగింది, మూటతోబాటు ఆయనా.

"ఎన్ని వేసింది?" అన్నాడు మాస్టారు.

"అంతకుముందు చెప్పినవన్నీ అబద్ధం సార్. నిన్న నాలుగు నిమిషాలు ఆడింది."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు నిరుడే అనుమానమొచ్చిందిలే. నువ్వు చెప్పిన పాయింట్లు కూడితే టీము స్కోరు దాటింది. పోనీ, బాగా చెబుతున్నావని ఊరుకున్నా."

నాలుగు నిమిషాలు తొమ్మిదయ్యాయి. ఒకసారి ఫౌళ్ళెక్కువై మళ్ళీ రెండు మ్యాచీలు బెంచీకే అతుక్కుంది. ఆ తర్వాత పదిహేను. ఏడాది చివర ఒక పొద్దున చెప్పులు వేసుకుంటూ, అదేదో చిన్న సంగతన్నట్టు అంది. "నాన్నా, రేపు మొదటి ఐదుగురిలో నేనున్నా. వస్తావా?"

మర్నాడు కొట్టు మూసి, మొగుడూ పెళ్ళాం వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు.

ఆయన ఆవిరిలో చూసిన పిల్ల అక్కడ లేదు. ఉన్న పిల్ల కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము దించి, మోచేతి పోట్లు తింటూ రింగు కింద నిలబడి ఉంది. బంతి ఎవరో వేస్తున్నారు, తప్పుతోంది, అది వచ్చేసరికి పిల్ల అక్కడ ముందే ఉంటోంది. పట్టుకుని ఇంకొకరికి ఇచ్చేస్తోంది. వాళ్ళు వేస్తే జనం చప్పట్లు కొడుతున్నారు. పిల్ల అప్పటికే వెనక్కి పరిగెడుతోంది.

సగం ఆటకి ఈల పడింది. పక్కనున్నాయన వంగి పలకరించాడు. "మీ అమ్మాయి కూడా ఆడుతోందా? ఎన్ని వేసిందండీ?"

లాండ్రీ ఆయన నాలిక మీదికి పద్దెనిమిది వచ్చింది. మింగేశాడు.

"ఒక్కటీ వెయ్యలేదండీ" అన్నాడు. "తప్పిపోయినవన్నీ మా అమ్మాయే పట్టుకుంది."

రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

భార్య ఆ చేతులు మెల్లగా కిందికి దించింది. "ఏడిస్తే ఏడు. కళ్ళు మాత్రం ముయ్యకు. మళ్ళీ వస్తున్నారు, ఈసారి చూడు."