పై వార్డులో ఏడో మంచం

పై వార్డులో పడుకోవాలంటే జ్వరం ఒక్కటే ఉంటే చాలదు, గుండె కూడా ఉండాలి అనేవాళ్ళు ఆ స్కూల్లో.

ఇది మా కాంపౌండర్ బాబాయి చెప్పిన సంగతి. మా నాన్నకి ఆఖరి తమ్ముడు. కథలల్లే రకం కాదు. ఉద్యోగానికి వెళ్తే "నీలో లోపాలేమిటి?" అని అడిగారట. వేళ్ళు మడిచి మరీ వరసపెట్టి చెప్పాడట. అయినా తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో వెళ్ళాక తెలిసింది... ఆ ఉద్యోగానికి ఇంకెవరూ రాలేదు. అంతకు ముందున్న కాంపౌండరు మూడు నెలలకే పారిపోయాడు. పోతూ పోతూ చెప్పులు కూడా వదిలేసిపోయాడు.

ఎప్పుడో దొరల కాలంలో ఆంగ్లికన్ మిషన్ వాళ్ళు కట్టిన మగపిల్లల బోర్డింగు స్కూలు అది. రాతి గోడలు, ఎత్తు కిటికీలు, ముందు చర్చి, దాని మీద గడియారం. దొరలు వెళ్ళిపోయి పదేళ్ళు దాటినా గంటలు మాత్రం దొరల లెక్కనే మోగేవి. లేవడానికి గంట, తినడానికి గంట, ఆదివారం ఇంటికి ఉత్తరం రాయడానికి కూడా గంటే.

పై వార్డు అంటే జబ్బు చేసిన పిల్లల్ని ఉంచే గది. మేడ మీద వరండా చివర. పది ఇనప మంచాలు. అందులో ఏడో మంచం మీద ఎవరినీ పడుకోబెట్టరు. పరుపు చుట్టి తలవైపు పెట్టి ఉంటుంది. ఎందుకని అడిగితే ఎవరికీ తెలీదు... ముందు నుంచీ అంతే అంటారు.

మొదటి రోజే వాచ్‌మన్ బాబాయిని పక్కకి పిలిచాడు.

"రాత్రి పదకొండు దాటాక పైన ఉండకండి సార్. పిల్లలకి మందేసి కిందకొచ్చి పడుకోండి."

"ఏం?"

"వస్తుంది."

"ఏమొస్తుంది?"

వాచ్‌మన్ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "దుప్పట్లు కప్పిపోతుంది సార్."

బాబాయికి నవ్వాగలేదు. "దుప్పట్లు లాగేసే దెయ్యాల సంగతి విన్నాను గాని, కప్పే దెయ్యమేమిటయ్యా! మా ఇంటికి కూడా ఓసారి పంపించు."

వాచ్‌మన్ నవ్వలేదు. "మొహం ఉండదట సార్... చేతులు ఒక్కటే. చల్లటి చేతులు. నుదుటి మీద పెడుతుందట."

నవ్వేశాడు గాని, మొదటి పది రోజులూ బాబాయి కిందే పడుకున్నాడు. ఆ మాటా తనే చెప్పాడు.

పదకొండో రోజున కుదరలేదు.

వానలు పట్టుకుని వదలని రోజులు. వార్డులో నలుగురు పిల్లలు జ్వరాలతో ఉన్నారు. వాళ్ళలో చిన్నవాడికి ఎనిమిదేళ్ళు. వాడికి నెమ్ము. సాయంత్రం డాక్టరుగారు వచ్చి చూసి, మెట్ల దగ్గర ఆగి, "ఈ రాత్రి గడిస్తే పరవాలేదు. కనిపెట్టుకుని ఉండు" అన్నారు.

ఉండక ఏం చేస్తాడు? వాడి మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. కరెంటు పోయింది. లాంతరు వత్తి తగ్గించి కుర్చీ కింద పెట్టాడు. వరండా తలుపుకి గొళ్ళెం వేశాడు. ఒకసారి వేసింది చాలక మళ్ళీ వెళ్ళి చూసుకున్నాడు.

పదకొండు కొట్టింది. ఏం లేదు. పన్నెండు కొట్టింది... ఏం లేదు. వాన చప్పుడు, పిల్లల మూలుగు. "దెయ్యం కూడా వానకి బద్ధకించింది" అనుకున్నాడట. అనుకుని అలా కళ్ళు మూశాడో లేదో...

టక్.

వెనకవైపు ఇనప మెట్లు. మెలికలు తిరిగిన పాత మెట్లు. దొరల కాలంలో పనివాళ్ళ కోసం కట్టినవి. ఇప్పుడు ఎవరూ ఎక్కరు.

టక్... మళ్ళీ చాలాసేపు నిశ్శబ్దం... టక్.

ఎవరో ఒక్కో మెట్టూ ఎక్కి, ఆగి, ఊపిరి తీసుకుంటున్నట్టు. బాబాయి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

చప్పుడు వరండాలోకి వచ్చింది. తలుపు దగ్గర ఆగింది.

గొళ్ళెం... దానంతట అదే పైకి లేచింది.

తలుపు తెరుచుకుంది. చీకట్లో చీకటిలాగా ఒక ఆకారం లోపలికొచ్చింది. పొట్టిగా, వంగిపోయి ఉంది. చేతిలో దీపం లేదు. అయినా దేనికీ తగల్లేదు, తడుముకోలేదు. నేరుగా మొదటి మంచం దగ్గరికి వెళ్ళింది. పిల్లాడి కాళ్ళ కింద దుప్పటి దోపింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. రెండో మంచం. మూడో మంచం.

ఖాళీ మంచాలు దాటుకుంటూ వచ్చింది. ఏడో మంచం దగ్గర ఆగింది.

పరుపు చుట్టి ఉంది. దుప్పటి లేదు, మనిషి లేడు. ఉత్త ఇనప పట్టీలు. ఆ ఆకారం వంగింది. లేని దుప్పటిని రెండు చేతులా పైకి లాగింది. లేని మెడ చుట్టూ సర్దింది. లేని కాళ్ళ కింద దోపింది... ఒక చోట కుదరనట్టుంది, మళ్ళీ తీసి మళ్ళీ దోపింది.

అప్పుడు నాకు అరవాలనిపించలేదురా, అనేవాడు బాబాయి. ఎందుకో ఏడుపొచ్చింది.

ఇంతలో పక్కనున్న చిన్నవాడు దగ్గాడు. ఆకారం గిర్రున తిరిగింది. బాబాయి కుర్చీ వైపే వచ్చింది. మంచం మీదకి వంగి, గుసగుసగా...

"దాహమా, నాన్నా?"

ఆ గొంతు బాబాయికి తెలుసు. రోజూ వింటున్నదే. కుర్చీ కింద నుంచి లాంతరు తీసి ఎత్తాడు.

గుండీల అవ్వ.

స్కూల్లో అందరూ ఆమెని అలాగే పిలిచేవాళ్ళు. మెట్ల కింద బట్టల గదిలో కూర్చుని రెండు వందల మంది పిల్లల చొక్కాలకీ గుండీలు కుట్టేది, చిరుగులు కలిపేది, కాలర్ల లోపల నంబర్లు కుట్టేది. డెబ్భై ఏళ్ళుంటాయి. నడుం దగ్గర బట్టలు కొలిచే సన్నటి చెక్క స్కేలు దోపుకుని ఉంది. తలుపు సందులోంచి దాన్ని దూర్చి గొళ్ళెం లేపిందన్నమాట.

వెలుగు పడగానే అవ్వ గోడకి అతుక్కుపోయింది. దొంగతనం చేస్తూ పట్టుబడినదానిలా రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"ప్రిన్సిపాలుగారికి చెప్పకు బాబూ."

రాత్రి గంట కొట్టాక పిల్లలు పడుకునే చోటికి ఆడవాళ్ళు రాకూడదని దొరలు పెట్టిన రూలు. దొరలు పోయారు గాని రూలు పోలేదు.

"ఎన్నాళ్ళ నుంచి వస్తున్నావవ్వా?"

"చేరినప్పటి నుంచీ. నలభై ఏళ్ళు దాటింది."

"అందరూ దెయ్యం అనుకుంటున్నారు కదే!"

"అనుకోనీ. దెయ్యమంటే ఎవరూ అడ్డు రారు కదా." అంది అవ్వ. "మనిషినని చెప్పినప్పుడు లోపలికి రానివ్వలేదు, బాబూ."

బాబాయి లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు. చిన్నవాడికి చెంచాతో నీళ్ళు పట్టి, వాడి మంచం పక్కన నేల మీద చతికిలబడింది. అక్కడే, చిన్న గొంతుతో చెప్పింది.

ఆమెకి ఒక్కడే కొడుకు. తండ్రి లేడు. బాగా చదువుతాడని మిషన్ వాళ్ళే తీసుకెళ్ళి ఈ బోర్డింగులో వేశారు. తొమ్మిదేళ్ళవాడు. మొదటి పెద్ద యుద్ధం అయిపోతున్నప్పుడు ఊళ్ళకి ఊళ్ళని ఊడ్చేసిన జ్వరం వచ్చింది చూడు, ఆ ఏడు. వాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో. పోస్టుమాన్ చదివి పెట్టాడు: "నేను క్షేమం. బాగా చదువుకుంటున్నాను." ప్రతివారం అదే. బల్ల మీద మాస్టరు రాసింది చూసి పిల్లలంతా అదే రాసేవాళ్ళు. ఇంటి భాషలో రాస్తే దెబ్బలు పడేవి.

"ఆ సారి కవరు పారేయబోతుంటే, దాని మడత లోపల పెన్సిల్‌తో ఏదో ఉంది. మన భాషలో. పోస్టుమాన్ని మళ్ళీ పిలిచాను. 'అమ్మా, చలిగా ఉంది' అని రాశాడు బాబూ."

ఇంట్లో ఉన్న దుప్పటి తీసుకుని బయల్దేరింది. రెండు రోజులు నడిచింది. గేటు మూసేసి ఉంది. జ్వరం బయటికి పాకకుండా లోపలివాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి వెళ్ళకూడదన్నారు. కాళ్ళు పట్టుకుంది. దుప్పటైనా అందించమంది. బయటి బట్ట లోపలికి రాకూడదన్నారు.

ఐదు రోజులు ఆ గేటు బయటే ఉంది.

"ఆరో రోజు పొద్దున పెద్ద దొర వచ్చాడు. మూతికి గుడ్డ కట్టుకుని, దూరంగా నిలబడి, వచ్చీరాని మన మాటల్లో చెప్పాడు. 'నీ కొడుకు ప్రభువు దగ్గరికి వెళ్ళాడు' అని."

అవ్వ చిన్నవాడి దుప్పటి మళ్ళీ సర్దింది.

"నాకేం తెలుసు? ప్రభువంటే దొరకి పైదొర అనుకున్నాను. ఆ పెద్ద బంగళాకి తీసుకెళ్ళారు కాబోలు, వెచ్చగా ఉంటాడులే అనుకున్నాను. దొరకి దణ్ణం కూడా పెట్టాను బాబూ... నవ్వుతూ పెట్టాను."

బాబాయి ఆ మాట చెప్పినప్పుడల్లా లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చేవాడు.

పదకొండు మంది పిల్లల్ని ఒకే చోట పూడ్చారట. ఏది ఎవరిదో రాయి కూడా లేదు. రెండేళ్ళ తర్వాత ఆ దొర మారి, కొత్త దొర వచ్చి, బట్టలు కుట్టే మనిషి కావాలంటే ఆమె చేరింది. తల్లినని చెబితే ఉద్యోగం ఇవ్వరేమోనని ఎవరికీ చెప్పలేదు. వాడు పోయింది ఏడో మంచం మీదని మాత్రం అప్పటి ఊడ్చేవాడి మాటల్లో తెలిసింది.

ఆ రాత్రి ఇద్దరూ తెల్లవార్లూ కూర్చున్నారు. తెల్లారుజామున చిన్నవాడికి చెమట పట్టింది. జ్వరం దిగింది. వాడు కళ్ళు తెరిచే లోపే అవ్వ వెనక మెట్లు దిగి వెళ్ళిపోయింది. బాబాయి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి తలుపుకి గొళ్ళెం వేయడం మానేశాడు, అంతే.

ఇక్కడితో అయిపోతే ఇంత దిగులు ఉండేది కాదు.

ఆ వేసవిలో స్కూలుకి నూరేళ్ళు నిండాయి. చరిత్ర పుస్తకం వేద్దామని, పాత కాగితాలన్నీ తీయమని ప్రిన్సిపాలుగారు అందరికీ పని చెప్పారు. బాబాయి వంతుకి మందుల గదిలోని పాత బీరువా వచ్చింది. అడుగు అరలో, పగిలిన సీసాల వెనక, అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. జ్వరాల ఏటి వార్డు డైరీ. అప్పుడు నర్సుగా ఉన్న దొరసాని రాసింది. ఆమె ఒక్కతే ఆ రోజుల్లో పిల్లల దగ్గర కూర్చునేదట. ఆఖరికి తనూ అదే జ్వరంతో పోయింది. మంచం నంబరు, గంట, జ్వరం ఎంత, ఏం తాగాడు... అంతా సన్నటి ఇంగ్లీషు అక్షరాలు.

బాబాయి ఏడో నంబరు వెతికాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. వాకిలి తలుపు మూసి మరోసారి చదివాడు.

రెండు రోజులు తనలో తను మల్లగుల్లాలు పడ్డాడట. చెబితే పాత పుండు రేపినట్టవుతుంది. చెప్పకపోతే, ఆ మాట మీద ఆమెకున్న హక్కు తనకెక్కడిది? మూడో రోజు పుస్తకం తీసుకుని బట్టల గదిలోకి వెళ్ళాడు. అవ్వ కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"అవ్వా, నీ కొడుకు గురించి దొరసాని రాసింది ఉంది. చదవనా?"

సూది ఆగిపోయింది. ఆమె తల ఊపింది.

బాబాయి ఒక్కో మాటా మన భాషలోకి మార్చి చదివాడు.

"ఏడో మంచం. వీడి తల్లి గేటు దగ్గరికి వచ్చి తెల్లారితే ఆరో రోజు. రాత్రి రెండు దాటింది. మూడు రోజుల నుంచి చలి చలి అని ఏడుస్తున్నవాడు ఉన్నట్టుండి నవ్వాడు. ఏమిటని అడిగాను. మా అమ్మ వచ్చింది, దుప్పటి కప్పింది అన్నాడు. వాచ్‌మన్ని పంపి కనుక్కున్నాను. గేటు లోపలికి ఎవరూ రాలేదు. వార్డులో ఒక్క దుప్పటి కూడా మిగల్లేదు. కాని ఆ తర్వాత వాడు చలి అనలేదు. నాలుగింటికి నిద్రలోనే పోయాడు."

బయట పిల్లలు ఆడుకుంటున్నారు.

"ఏ రాత్రి అన్నావు?"

"ఐదో రాత్రి అవ్వా."

"ఎన్ని గంటలకి?"

"రెండు దాటాక."

అవ్వ చేతుల్లోంచి చొక్కా జారి కింద పడింది.

"నీకొకటి చెప్పలేదు బాబూ. ఎవరికీ చెప్పలేదు." గొంతు వినీ వినబడనట్టుంది. "నాలుగు రాత్రులు ఆ గేటు దగ్గర కన్ను మూయలేదు. ఐదో రాత్రి... చర్చి గడియారం రెండు కొట్టడం విన్నాను. ఆ తర్వాత తెలీదు. ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను. దొర వచ్చి లేపేదాకా లేవలేదు. నా బిడ్డ ప్రాణం పోతుంటే నేను నిద్రపోయాను బాబూ! నలభై మూడేళ్ళుగా ఏ రాత్రి పడుకున్నా ఆ పాపమే గుండెల మీద కూర్చుంటోంది..."

బాబాయి డైరీ మూయబోయాడు. అవ్వ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. చదవడం రాని ఆ ముసలి వేలు కాగితం మీద అక్షరాల వెంట మెల్లగా నడిచింది.

"నవ్వాడని ఎక్కడ రాసింది?"

బాబాయి చూపించాడు. అవ్వ ఆ మాట మీద వేలు ఉంచి, తీయలేదు.

"అయితే... వెళ్ళానన్నమాట," అంది.