అంకినీడు చేతి వణుకు

2089 నాటికి చిలకలూరిపేటలో పద్యనాటకాలు తెల్లవారుజామున ఆడడం అలవాటైపోయింది. పొద్దెక్కితే పత్తిమిల్లుల నూగు, మిరపకల్లాల ఘాటు, రోడ్డు దుమ్ము అన్నీ గాలిలో కలిసిపోయేవి. ముక్కుజల్లెడ తగిలించుకోకుండా ఎవరూ గడప దాటేవారు కాదు. ముక్కుకు జల్లెడ కట్టుకుని పద్యం పాడమంటే ఎవరి తరం? అందుకని గాలి కాస్త తేటగా ఉండే వేళ చూసుకుని, కోడి కన్నా ముందే హార్మోనియం లేచేది. జనం కళ్ళు నులుముకుంటూ వచ్చి, కాఫీ ఫ్లాస్కులు పక్కన పెట్టుకుని కూర్చునేవారు.

ఆ రోజు రంగస్థలం మీద రాజు వేషంలో అంకినీడు ఉన్నాడు. తెర పక్కన చీకట్లో, మంత్రి వేషంలో, బుగ్గన కిళ్ళీ పెట్టుకుని పానకాలరావు నిలబడి ఉన్నాడు. కిళ్ళీలో జాజికాయ, పచ్చకర్పూరం గొంతుకు మంచివని అతని నమ్మకం.

కొడుకు చనిపోయిన కబురు విన్న రాజు మెల్లగా చెయ్యెత్తాడు. ఆ చెయ్యి వణికింది. వేళ్ళ ఉంగరాలు దీపాల వెలుగులో అదిరాయి. ముఖం ఎర్రబడింది, కళ్ళు చెమర్చాయి. అంతవరకూ ఒక్క పద్యం కూడా పాడలేదు, అప్పుడే ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకుంటున్నారు. తర్వాత బొంగురు గొంతుతో పద్యం ఎత్తుకున్నాడు. రాగం పొడుగ్గా తీయలేక మధ్యలోనే తుంచేశాడు. అయినా సరే, "వన్స్ మోర్!" అని రేకుల షెడ్డు అదిరిపోయింది.

 'పాడింది సగం పద్యం. దానికి వన్స్ మోరా!' అనుకుంటూ పానకాలరావు కిళ్ళీని కసిగా నమిలాడు.

పానకాలరావు చెడ్డవాడు కాదు. నాటక సమాజంలో ఎవరికి కష్టమొచ్చినా ముందు వెళ్ళేవాడు. గొంతంటారా, గుక్క తిప్పుకోకుండా అతను రాగం తీస్తే హార్మోనిస్టు చేతులు ముందు అలిసిపోయేవి. కానీ అంకినీడు పేరు వింటే మాత్రం అతనికి అన్నం సయించేది కాదు. ఆ చేతి వణుకు నటన కాదనీ, మందు సూది తెచ్చిపెట్టిన సైడ్ ఎఫెక్ట్ అనీ పేటలో అందరికీ తెలుసు. తెలిసి కూడా చప్పట్లు కొడతారు. అదే పానకాలరావు ఓర్చుకోలేకపోయిన సంగతి.

ఆ సూది కథ ఇది. అంకినీడు చిన్నప్పటి నుంచీ మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేసి ఉబ్బసం తెచ్చుకున్నాడు. అలాంటి వాళ్ళ కోసం శాస్త్రవేత్తలు కాపలా కణాలను తయారుచేశారు. నెలకోసారి జబ్బకు సూది వేస్తే ఇవి రక్తంలో కొట్టుకుపోయి ఊపిరి గొట్టాల గోడలకు అతుక్కుంటాయి. మందును తమలోనే తయారుచేసుకుంటాయి. మొదటి వారమంతా అవి చేసే పని ఒక్కటే, నేర్చుకోవడం. మనిషి గుండె దడదడలాడి, ఒంట్లో అలజడి పుట్టినప్పుడల్లా, ఆ క్షణాన గాలిలో ఏముందో గుర్తుపెట్టుకుంటాయి. పదే పదే కనిపించినదాన్ని శత్రువుగా రాసుకుంటాయి. ఆ తర్వాత ఆ శత్రువు గాలిలో కనబడిందంటే చాలు, ఆయాసం రాకముందే మందు వదులుతాయి. ప్రాణం నిలబడుతుంది. బదులుగా చేతులు వణుకుతాయి, ముఖం మండుతుంది, కళ్ళు నీళ్ళు కారతాయి, గొంతు బొంగురుపోతుంది. గ్లాసుతో నీళ్ళు తాగితే సగం చొక్కా మీదే పోతాయి. అంకినీడు అన్నిటికీ అలవాటుపడి, కాఫీ వెడల్పాటి గిన్నెలో తాగేవాడు, చొక్కాలకు గుండీలు మానేశాడు.

ఒకసారి పానకాలరావుకు జ్వరమొచ్చి, మంత్రి వేషం వేరేవాళ్ళు కట్టారు. ఆ పొద్దున అంకినీడు చెయ్యి వణకలేదట, నాటకం చప్పగా పోయిందట. మంచంలో ఆ మాట విన్న పానకాలరావుకు సగం జ్వరం దిగింది. 'చూశారా, మందు పనిచేయకపోతే ఆయన దగ్గర ఏమీ లేదు' అనుకున్నాడు. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ మందు తన గొంతుకు తోడైతే?

డాక్టర్ మస్తాన్‌బీ శ్వాసకేంద్రంలో రోగిని ముందు పరీక్షించేది మనిషి కాదు, 'నాడి' అనే యంత్రం. ఎదురుగా కూర్చుంటే ఊపిరి వింటుంది, గొట్టంలోకి ఊదమంటుంది, ప్రశ్నలడుగుతుంది.

"ఎప్పటినుంచి ఆయాసం?" అని అడిగింది నాడి.

 పానకాలరావు భుజాలు పైకెత్తి, మెడనరాలు బిగబట్టి, పిల్లనగ్రోవిలో గాలి ఇరుక్కున్నట్టు ఛాతీలోంచి సన్నని కూత తీశాడు. ఇన్నేళ్ళూ తెర పక్కన నిలబడి అంకినీడును చూసినవాడు, ఆయన దగ్గులో గమకాలు కూడా అతనికి కంఠతా వచ్చు. గొట్టంలో ఊదమంటే, గుక్క మీద అదుపున్నవాడు కనుక సరిగ్గా సగం ఊది ఆపేశాడు.

"తీవ్రమైన ఉబ్బసం," అని తేల్చింది నాడి.

సూది వేస్తూ మస్తాన్‌బీ చెప్పింది. "ఈ వారమంతా మీకు ఆయాసం తెప్పించే చోట్లకే వెళ్ళండి. దాక్కోవద్దు. కణాలు నేర్చుకోవాలి కదా. చేతులు వణుకుతాయి, కంగారు పడకండి."

"నిజంగా వణుకుతాయా అమ్మా?" అన్నాడు పానకాలరావు ఆశగా.

ఆవిడ వింతగా చూసింది. అలా అడిగిన రోగి అంతకుముందు ఎవరూ లేరు.

ఆయాసం తెప్పించే చోటు అతనికి ఎక్కడుంది? వారమంతా రిహార్సళ్ళకే వెళ్ళాడు. రోజూ అంకినీడు రిహార్సల్ మొదలయ్యేముందు చెవుల వెనక మల్లె అత్తరు అద్దుకోవడం, ఆ వాసన గదంతా కమ్ముకోవడం, వచ్చినవాళ్ళంతా ఆయన చుట్టూ చేరి "మీ చెయ్యి చూడాలనే వచ్చామండీ" అనడం, పానకాలరావు గుండె ఉడికిపోవడం, అన్నీ మామూలుగానే జరిగాయి. చెయ్యి మాత్రం వణకలేదు. 'సూది కూడా నన్ను మోసం చేసింది' అనుకున్నాడు.

వారం నిండింది, మళ్ళీ నాటకం రోజు వచ్చింది. మంత్రి రాజుకు ఎదురు నిలిచి, యుద్ధం వద్దని చెప్పే ఘట్టం. అంకినీడు నాలుగడుగులు వేసి దగ్గరికొచ్చాడు. గుప్పుమని మల్లె వాసన. అంతే, పానకాలరావు చెయ్యి వణికింది!

అతను నమ్మలేక తన చేతినే చూసుకున్నాడు. ముఖంలోకి వేడి పొంగింది, కళ్ళు వాటంతటవే నిండాయి. ముందు వరసలో గుసగుసలు ఆగిపోయాయి. 'ఇన్నాళ్ళకు!' అనుకుని, ఆనందం పట్టలేక, జీవితంలో ఎన్నడూ ఎత్తనంత పైస్థాయిలో పద్యం ఎత్తుకున్నాడు.

రాగం సగంలో గొంతు పూడుకుపోయింది. గాలి లోపలికి వెళ్ళింది గానీ బయటికి రాలేదు. ఛాతీలోంచి సన్నని కూత వచ్చింది, ఈసారి అతను తీసింది కాదు. మోకాళ్ళ మీద కూలిపోయాడు. నోరు తెరిచి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి గడగడా వణుకుతోంది.

"అబ్బ, అచ్చం అంకినీడు లాగే చేస్తున్నాడే!" అన్నారెవరో.

"వన్స్ మోర్!" అని షెడ్డంతా అరిచింది.

ఆ కూత ఎలాంటిదో అక్కడ తెలిసినవాడు ఒక్కడే. అంకినీడు కిరీటం తీసి పారేసి పరుగున వచ్చి, పానకాలరావు తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. "తెర దించండయ్యా! ఇది నటన గాదు!" అని కేక పెట్టాడు. నడుముకు దోపుకున్న మందుపీల్చే గొట్టం తీసి అతని నోటికి పెట్టాడు. కానీ ఆయన ఎంత దగ్గరికి హత్తుకుంటే పానకాలరావుకు అంతగా ఊపిరి ఆగిపోసాగింది. చప్పట్లు వినబడుతుండగానే అతనికి స్పృహ తప్పింది.

కళ్ళు తెరిచేసరికి శ్వాసకేంద్రంలో ఉన్నాడు. పక్కన మస్తాన్‌బీ కోపంగా నిలబడి ఉంది. అద్దాల తలుపు అవతల, సగం చెరిగిన రాజు రంగుతో అంకినీడు బల్ల మీద కూర్చున్నాడు.

"మీకసలు ఉబ్బసం లేదు," అంది డాక్టరు. "లేని రోగం ఎందుకు నటించారో తర్వాత అడుగుతాను. మీ గొట్టాల్లో వాపు లేదు. మందు ఎక్కడ వదలాలో కణాలకు తెలియలేదు. అందుకని అవే వాపు తెచ్చాయి. పని లేని కాపలావాళ్ళు కదా, పని పుట్టించుకున్నారు. చావు తప్పింది మీకు."

"నిజమైన రోగులు ఆయాసాన్ని దాచుకోవాలని చూస్తారు," అంది నాడి. "ఈయన చూపించారు. ఆ తేడా నాకు ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు తెలిసింది."

"మరి కణాలు దేన్ని శత్రువనుకున్నాయి?" అని అడిగింది డాక్టరు.

"మల్లె అత్తరు. దానితోపాటు ఒక మనిషి చెమట. రెండూ తలుపు అవతల కూర్చున్నాయన దగ్గర నుంచి వస్తున్నాయి. ఆ వారంలో ఈయన గుండె దడదడలాడిన ప్రతిసారీ గాలిలో ఉన్నది ఆయనే."

పానకాలరావు కళ్ళు మూసుకున్నాడు. అసూయ ముఖంలో కనబడకుండా ఇన్నేళ్ళూ దాచుకున్నాడు. కంటికి కనబడని కణాలు వారం రోజుల్లో చదివేశాయి. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

అవతల నుంచి అంతా విన్న అంకినీడు లేచొచ్చి అద్దం దగ్గర నిలబడ్డాడు. 

"డాక్టరమ్మా, నాదొక్కటి చూస్తారా?" అన్నాడు. "నాకు మిర్చి ఘాటుకు చెయ్యి వణుకుద్ది, అది సరే. స్టేజీ మీద మిర్చి యాడుంది? అక్కడెందుకు వణకాల? ఇన్నేళ్ళూ అడగడానికి భయమేసింది."

నాడి అద్దం అవతల నుంచే ఆయన ఊపిరి విని, కణాలను అడిగింది. "ఈయనకు ఇద్దరు శత్రువులున్నారు. ఒకటి మిరప ఘాటు. రెండోది తమలపాకు, జాజికాయ, పచ్చకర్పూరం కలిసిన వాసన."

 పానకాలరావు చెయ్యి తనకు తెలియకుండానే బుగ్గ మీదికి వెళ్ళింది.

"అన్నా," అన్నాడు హీనస్వరంతో. "అది నా కిళ్ళీ."

అంకినీడు తల దించుకున్నాడు. "అవున్రా పానకాలూ. సూది లేకుండా, మందు లేకుండా, దేవుడిచ్చిన ఊపిరితో నువ్వు అంత రాగం తీస్తావుంటే నా కడుపు కాలిపోయేదిరా. ఎట్టా చెప్పేది నీకు? తెర పక్కన నువ్వు నిలబడుండావని తెలిస్తే చాలు, గుండె దడదడలాడేది. జనమేమో అంతా మందు పనే అనుకున్నారు."

పానకాలరావు మంచం మీద లేచి కూర్చున్నాడు. తను ఇన్నేళ్ళూ కళ్ళలో నిప్పులు పోసుకుని చూసిన వణుకు, తన మీది అసూయా? వన్స్ మోర్ కొట్టించింది తన గొంతేనా? ఛాతీలో ఏదో చల్లగా దిగింది. ఇంతకన్నా తీయని మాట అతనెప్పుడూ వినలేదు.

"పానకాలరావుగారి ఊపిరి సాఫీగా ఉంది," అంది నాడి ఆశ్చర్యంగా. "గుండె కూడా నెమ్మదించింది."

"ఎన్నాళ్ళ నుంచన్నా నీకు?" అన్నాడు పానకాలరావు.

"నువ్వు సమాజంలో చేరిన రోజు నుంచీ."

"నాకన్నా ముందే!" అని పానకాలరావు నవ్వేశాడు. మరుక్షణం అతని ముఖం మారింది. "అంటే నాకన్నా నీదే పెద్దదన్నమాట," అన్నాడు కాస్త నొచ్చుకుంటూ.

మస్తాన్‌బీ నెత్తి కొట్టుకుంది. "చూడండి, దీనికి మరపు వైద్యం ఉంది. రోజూ ఇద్దరూ ఇక్కడికొచ్చి ఎదురెదురుగా కూర్చోండి. ఆయన అత్తరు ఆయన పూసుకోవాలి, మీ కిళ్ళీ మీరు వేసుకోవాలి. గుండెలో మంట లేకుండా కొన్నాళ్ళు కూర్చుంటే కణాలు ఆ పేర్లు కొట్టేస్తాయి. ఆయనకు మిర్చి ఒక్కటే మిగులుతుంది, మీకు అదీ ఉండదు. చేతులు ఇక వణకవు. లేదంటే మీరూ ఆయనలాగే నెలనెలా వాపు పుట్టకుండా ఆపే నిండు మోతాదు సూది వేయించుకుంటూ, సైడ్ ఎఫెక్ట్స్ భరిస్తూ బతకాలి. వైద్యం రేపటినుంచి మొదలుపెడదామా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చేతులు అసలు వణకవామ్మా? స్టేజీ మీద కూడానా?" అని అడిగాడు అంకినీడు.

"వణకవు."

"ఉగాది నాటక పోటీలు అయిపోనీండి," అన్నాడు పానకాలరావు.

"అవును, పోటీలయ్యాకే," అన్నాడు అంకినీడు వెంటనే.

పోటీల పొద్దున పానకాలరావు అంకినీడు పక్కనే కూర్చుని కాఫీ వెడల్పాటి గిన్నెలో తాగాడు. చొక్కా మీద సగం ఒలికింది. నిండు మోతాదు సూది పడింది కనుక ఊపిరికి భయం లేదు. తెర లేచింది. రాజూ మంత్రీ ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరి దగ్గర మల్లె అత్తరు, ఒకరి దగ్గర కిళ్ళీ, ఆ రోజు రెండూ కొంచెం ఎక్కువగానే ఉన్నాయి. నాలుగు చేతులూ ఒక్కసారిగా వణికాయి. పద్యాలు అయ్యేసరికి జనం కుర్చీల్లోంచి లేచారు.

"వన్స్ మోర్!"

ఎవరికో జనం చెప్పలేదు. అంకినీడు పానకాలరావు వైపు చూశాడు, పానకాలరావు అంకినీడు వైపు చూశాడు. ఇద్దరి వణుకూ రెట్టింపైంది. హార్మోనిస్టు ఎవరి శ్రుతి పట్టాలో తెలియక చేతులెత్తేశాడు. ఇద్దరూ గుండెల నిండా గాలి పీల్చుకుని, ఎవరి పద్యం వారు, ఒకేసారి ఎత్తుకున్నారు.