ఆరో అంకె

సోమవారం పొద్దున్న ఆరున్నరకి గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర మంచు ఎంత దట్టంగా ఉందంటే, భాస్కర్‌కి తన చేతిలోని ఫోన్ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. రెయిలింగ్‌కి ఆనుకుని మెసేజ్ టైప్ చేస్తున్నాడు. సిగ్నల్ ఒక గీత వస్తోంది, పోతోంది.

వెనక కంకర మీద అడుగుల చప్పుడైంది. కాఫీ అమ్మేవాళ్ళు అనుకున్నాడు. తల తిప్పేసరికి చేతికందేంత దగ్గరలో నీలం రెయిన్‌కోట్ కనిపించింది. వాన లేదు కదా అని తట్టడానికి అతనికి ఒక సెకను పట్టింది. ఆ సెకనే చాలింది.

మధ్యాహ్నానికి లోయలో శవం దొరికింది. సెల్ఫీ తీసుకుంటూ జారిపోయాడని అందరూ అనుకున్నారు. విశాఖపట్నంలో ఏ బోర్డూ లేని ఒక ఆఫీసుకి మాత్రం సగం మెసేజ్ చేరింది. పడిపోతున్నప్పుడు వేలు సెండ్ మీద పడినట్టుంది.

“కోడ్ సరిగ్గానే చెప్పారు. అయినా”

అంతే ఉంది అందులో.

* * *

“హోమ్‌స్టేల వెబ్‌సైటా సర్?” అంది హేమలత.

బుధవారం ఉదయం. కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ మోహన్‌కృష్ణ ఆమె ముందు ఒక ఫైల్ పెట్టాడు. హేమలత ఎనిమిదేళ్ళుగా ఆ ఆఫీసులో సర్వర్లు రాసుకునే చిట్టాలు చదువుతోంది. ఫీల్డ్‌లోకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. వెళ్ళాలని కోరుకోనూ లేదు.

“మన్యం హోమ్‌స్టే సొసైటీ. అరకు, అనంతగిరి కొండల్లో ఇరవై ఆరు ఇళ్ళు. ఇన్నాళ్ళూ బుకింగులన్నీ నోటుబుక్కులో రాసుకున్నారు. ఇప్పుడు వెబ్‌సైట్ పెడుతున్నారు. దానికి ఏ సీఎంఎస్, అంటే సైట్‌ని నడిపే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, వాడాలో శుక్రవారం కమిటీ తేలుస్తుంది. భాస్కర్ అక్కడికి కన్సల్టెంట్ వేషంలో వెళ్ళాడు.”

“దానికి మనమెందుకు సర్?”

“సబ్‌మెరైన్ సిబ్బందికి సెలవు దొరికితే పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఆ ఇళ్ళకే పోతారు. హఠాత్తుగా సముద్రంలోకి బయల్దేరమని ఆర్డర్ వస్తే ఏం చేస్తారు?”

హేమలత గొంతు తగ్గింది. “రూములు కేన్సిల్ చేస్తారు.”

“ఒకే పూట పన్నెండు రూములు కేన్సిల్ అయ్యాయంటే సబ్‌మెరైన్ కదులుతున్నట్టే. ఆ కేన్సిల్ పేజీ చూడగలిగినవాడికి రేవులో మనిషి అక్కర్లేదు. ఒక విదేశీ ముఠా ఆ పేజీ కోసం ఏడాదిగా కాచుకుని ఉంది.”

పోటీలో ఇద్దరున్నారు. ఒకటి ఆర్కిడ్ అనే కంపెనీ సీఎంఎస్. దాని సేల్స్ మేనేజర్ వెన్నెల. రెండోది విశాఖ డెవలపర్ రవిబాబు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ సీఎంఎస్ మీద సైట్ కట్టిస్తానంటున్నాడు.

“ముఠా లోపల మన మనిషి ఉన్నారు,” అన్నాడు చీఫ్. “డబుల్ ఏజెంట్. ఎవరో భాస్కర్ ఒక్కడికే తెలుసు. నా దగ్గరున్నది కోడ్ మాత్రమే. భాస్కర్ చోట కన్సల్టెంట్‌గా నువ్వు వెళ్ళాలి. ‘గాలికొండ మీద మంచు ఈసారి బేగి దిగింది’ అంటారు. ‘మిరియాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి’ అని నువ్వు జవాబివ్వాలి.”

“కోడ్ సరిగ్గా చెప్పినవాళ్ళని కలిశాకే కదా సర్ భాస్కర్ పోయాడు?”

చీఫ్ డ్రాయర్‌లోంచి ఫోన్ చార్జర్‌లాంటిది తీసి ఆమె చేతిలో పెట్టాడు. ప్లగ్గులో పెడితే అది వైఫై ఇస్తుంది. ఆ వైఫై మీద పనిచేసే ఫోన్‌లోంచి డేటా దేశం దాటితే చార్జర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. లేకపోతే పచ్చ.

“నేనే ఎందుకు సర్?”

“మిగతావాళ్ళకి కాల్చడం వచ్చు. సీఎంఎస్ రాదు.”

* * *

గురువారం కిరండూల్ పాసింజర్ బొర్రా దగ్గర పడేసరికి హేమలత బోగీలో అందరి ముఖాలూ రెండేసి సార్లు చూసేసింది. జీడిపప్పు అమ్మే మనిషి, పనసకాయతో ఒక ముసలావిడ, ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు. వీళ్ళలో ఎవరూ భయపెట్టేవాళ్ళు కారు. ఆ మాటే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

రైలు సొరంగంలోకి దూరింది. బోగీలో లైట్లు వెలగలేదు. కుర్రాళ్ళు సరదాకి కేకలు పెట్టారు. ఆ గోలలో ఎవరిదో ఊపిరి వెచ్చగా ఆమె చెవి పక్కన తగిలింది. ఒళ్ళోని బ్యాగు కొద్దిగా బరువెక్కినట్టయింది.

వెలుగొచ్చింది. పక్క సీటు ఖాళీగా ఉంది. బ్యాగు జిప్పు తెరిచి ఉంది. ఏమీ పోలేదు. లాప్‌టాప్ మీద ఒక కళ్ళజోడు పెట్టి ఉంది. ఒక అద్దం పగిలింది. అది భాస్కర్‌ది. క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చుని, ఆ అద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ అతను పొద్దున్నే చెప్పే కబుర్లు ఆమె రోజూ వినేది.

అరకు స్టేషన్‌లో దిగాక నీళ్ళ కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. తిరుగు రైలుకి టైముంది. వెళ్ళిపోతే ఎవరూ తప్పు పట్టరు. కళ్ళజోడుని రుమాల్లో చుట్టి, ఆటో పిలిచింది.

* * *

సొసైటీ అధ్యక్షురాలు సోములమ్మకి యాభై దాటాయి. ముక్కుకి రెండు వైపులా బేసరులు, చేతిలో పెద్ద ఫోన్. హేమలతని ఎగాదిగా చూసింది.

“ఆ బాబు పోయినాడని నిన్నంపినారా అమ్మా? అన్నం తిన్నావేటి? మొకం అలాగున్నాదేటి?”

“ప్రయాణం పడలేదమ్మా.”

“కొండెక్కినోళ్ళకి మొదటి రోజు అలాగే ఉంటాది. గాసీ, మేడమ్మకి కాఫీ ఇయ్యి.”

గాసి సొసైటీ సెక్రటరీ. నలభయ్యేళ్ళ సన్నపాటి మనిషి, ప్రతిదానికీ నవ్వుతాడు. కాఫీ గ్లాసు అందించింది మాత్రం అతను కాదు. గోళ్ళకి ఎర్ర రంగు, భుజం మీద పట్టు శాలువా, ఆ చలిలోనూ చెమ్మగిల్లని కాటుక. ఆర్కిడ్ వెన్నెల.

“గాలికొండ మీద మంచు ఈసారి బేగి దిగింది,” అంది వెన్నెల, గ్లాసు వదలకుండా.

హేమలతకి జవాబు నాలుక చివర ఉంది. చెబితే తానెవరో ఒప్పుకున్నట్టే. భాస్కర్ కూడా చెప్పే ఉంటాడు. వెన్నెల భుజం మీదుగా, రోడ్డు అవతల టీ బడ్డీ దగ్గర ఒక నీలం రెయిన్‌కోట్ కనిపించింది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

“అవునాండీ? నాకు చలి పడదు,” అంది హేమలత.

వెన్నెల కళ్ళలో ఏదో ఆరిపోయింది. గ్లాసు వదిలేసి వెళ్ళిపోయింది.

* * *

శుక్రవారం పదకొండు గంటలు. సొసైటీ హాల్లో ఐదుగురు కమిటీ సభ్యులు, బల్ల మధ్యలో పొగలు కక్కుతున్న కాఫీ గిన్నె. బయట సంత గోల. హేమలత చార్జర్‌ని గోడ ప్లగ్గులో పెట్టింది. సోములమ్మ ఫోన్‌ని ఆ వైఫైకి కలిపింది.

వెన్నెల ముందు చూపించింది. ఆర్కిడ్ సీఎంఎస్ అందంగా, వేగంగా ఉంది. తెలుగులో టైప్ చేస్తే తెలుగులోనే వచ్చింది. సోములమ్మ తన ఫోన్‌లో ఒక ఉత్తుత్తి బుకింగ్ రాసింది.

చార్జర్ మీద ఎర్ర లైటు వెలిగింది.

హేమలత అనుకున్నదే. ఇంక దేన్నీ చూడబుద్ధి కాలేదు. ఇది ముగిసి, రైలెక్కి, తలుపేసుకుని కూర్చుంటే చాలు.

రవిబాబు తన లాప్‌టాప్‌ని సొంత ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపి చూపించాడు. మెత్తటి మనిషి, మధ్యలో మాటలు తడుముకుంటున్నాడు. “ఓపెన్ సోర్స్ మేడం. రేపు నేను లేకపోయినా ఇంకొకరు నడపగలరు. బుకింగుల కోసం దానికి తగిలించే ప్లగిన్ ఒక్కటి నేను రాశాను. డేటా మొత్తం హైదరాబాద్ సర్వర్‌లోనే ఉంటుంది, బయటికి చుక్క పోదు.”

“మేడమ్మా, నువ్వేటంటావు?” అంది సోములమ్మ.

“రవిబాబు గారిదే మంచిదమ్మా. మీ డేటా మీ చేతిలో ఉంటుంది.”

ఐదు చేతులు లేచాయి. రవిబాబు మొహం తుడుచుకుని, సొసైటీ వెబ్ అడ్రస్‌ని తన సర్వర్‌కి మార్చడం మొదలుపెట్టాడు. సోములమ్మ ఫోన్‌కి ఆరంకెల ఓటీపీ వస్తుందని, అది చెబితే పనైపోతుందని అన్నాడు.

వెన్నెల సామాను సర్దుకుంటోంది. తలుపు దగ్గర నీలం రెయిన్‌కోట్ మనిషి వచ్చి నిలబడ్డాడు. అతన్ని చూడనట్టే వెన్నెల తేలిగ్గా నవ్వింది.

“నాది ఫోన్‌లో రాసి చూశారు కదమ్మా. ఆయనదీ ఒకసారి చూడండి. బుకింగ్ రాసి, కేన్సిల్ చెయ్యండి. సంతలో కోడిని కూడా పట్టి చూసే కదా కొంటారు.”

“ఆ మాట నిజిమే,” అంది సోములమ్మ. ఫోన్‌లో రవిబాబు సైట్ తెరిచింది. రాసింది. కేన్సిల్ నొక్కింది. అంతలో ఓటీపీ వచ్చింది. ఆమె ఫోన్ గాసికి ఇచ్చింది. “నా కళ్ళకి ఆనడం లేదు. నువ్వు సదువు.”

“నాలుగు,” అన్నాడు గాసి. “ఒకటి. ఏడు.”

రవిబాబు టైప్ చేస్తున్నాడు.

హేమలత యథాలాపంగా గోడ వైపు చూసింది. ఆర్కిడ్ మూసేశాక పచ్చగా మారిన చార్జర్ మీద మళ్ళీ ఎర్ర లైటు.

ఆర్కిడ్ ఫైలు అట్ట మీదే సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయని పెద్ద అక్షరాలతో ఉంది. దాచుకోని చోటు అది. చుక్క కూడా బయటికి పోదన్నవాడి ప్లగిన్ మాత్రం కేన్సిల్ అయిన పేరుని దేశం దాటించింది. తనని భయపెట్టి వెన్నెల నుంచి దూరంగా, రవిబాబు వైపు తోలారు. ఆర్కిడ్ అనుమానాన్ని అటు లాగడానికి ముఠా పెట్టిన ఉత్త ఎర. కోడ్ చెప్పిన మనిషి నిజంగానే మన మనిషి. భాస్కర్ కనుక్కున్నది అదే. ‘అయినా’ తర్వాత రాయబోయింది రవిబాబు సంగతే.

“ఎనిమిది,” అన్నాడు గాసి. “రెండు.”

హేమలత గాసి చేతిలోంచి ఫోన్ లాగి, బల్ల మీది కాఫీ గిన్నెలో పడేసింది. బుడగలొచ్చాయి.

“ఏటి సేసినావమ్మా?” అని సోములమ్మ లేచింది.

రెయిన్‌కోట్ మనిషి తలుపు మూసి గడియ పెట్టాడు. చేతిలో పిస్తోలు ఉంది. బయట ఎవరో వెదురు బుట్టలు బేరమాడుతున్నారు.

“ఐదు అంకెలొచ్చాయి. ఒకటే తక్కువ,” అన్నాడతను. పిస్తోలు గాసి కణతకి ఆనించాడు. “నువ్వు చూశావు. చెప్పు.”

“మూడుసార్లే ఒప్పుకుంటుంది,” అన్నాడు రవిబాబు. అతని గొంతు ఏడుస్తున్నట్టుంది. “మూడూ తప్పితే ఇరవై నాలుగు గంటలు లాక్. గాసీ, చెప్పెయ్యి బాబూ. నన్ను ప్లగిన్ పెట్టమన్నారంతే. చంపుతారని నాకు తెలీదు.”

గాసి నవ్వు పోయింది. పెదాలు తెల్లబడ్డాయి. హేమలత అతని కళ్ళలోకి చూసింది. తల అడ్డంగా ఊపడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. ఒక మనిషి ప్రాణాన్ని అడగడమది.

“ఆరు,” అన్నాడు గాసి.

రవిబాబు కొట్టాడు. తప్పు.

పిస్తోలు ఇంకా గట్టిగా ఆనింది. “తొమ్మిదేమో బాబూ,” అన్నాడు గాసి వణికిపోతూ. “ఫోను తిరగేసి పట్టుకున్నానేమో.”

తప్పు.

గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఇంక ఒక్క అవకాశం. రెయిన్‌కోట్ మనిషి గాసిని వదిలి స్క్రీన్ మీదికి వంగాడు. “సున్నా కొట్టు,” అన్నాడు.

రవిబాబు వేలు ఆడింది. హేమలత కళ్ళు మూసుకుంది. పదిలో ఎనిమిది మిగిలాయి. అందులో ఒకటి సున్నా.

కంప్యూటర్ చిన్నగా బీప్‌మంది. ఆమె కళ్ళు తెరిచింది. స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు. లాక్.

అతను తల ఎత్తేలోపు అతని మెడ వెనక చల్లటి ఇనుము తగిలింది. వెన్నెల చేతిసంచి నేల మీద ఉంది, పిస్తోలు ఆమె ఎర్ర గోళ్ళ మధ్య ఉంది.

“కింద పెట్టు,” అంది వెన్నెల. “గాలికొండ మీద నేను లేకపోయాను. ఇక్కడున్నాను.”

అతను పెట్టాడు. కమిటీలోని ఆడవాళ్ళు ధాన్యం మూటలు కట్టే తాళ్ళతో అతన్నీ, రవిబాబునీ కట్టేశారు. హేమలత నేల మీద కూలబడింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. వెన్నెల తన శాలువా తీసి ఆమె చుట్టూ కప్పింది.

“నిన్న జవాబు చెప్పలేదేం?”

“భయమేసింది.”

“నాక్కూడా,” అంది వెన్నెల. “మూడు నెలల్నుంచీ.”

గాసి ఒక మూల నీళ్ళు తాగుతున్నాడు. సగం చొక్కా మీదే పోసుకున్నాడు. హేమలత అతని దగ్గరికి వెళ్ళి కూర్చుంది. “ఎందుకు చెప్పలేదు గాసీ? చంపేసేవాడు.”

“ఆ బాబు పోయిన రోజు లోయలోంచి మోసుకొచ్చింది నానే మేడమ్మా,” అన్నాడతను మెల్లగా. “ఈడి జోళ్ళకి ఆ ఎర్ర మట్టే ఉన్నాది. నిజిం సెప్పడానికి నోరు పెగల్లేదు. అంకె మూడు.”

* * *

ముఠాలో మిగిలిన నలుగురినీ శనివారం విశాఖలో పట్టుకున్నారు. సోమవారం మోహన్‌కృష్ణ ఫోన్ చేశాడు.

“పని పూర్తయిందిగా, ఎప్పుడొస్తున్నావ్?”

“సైట్ కట్టేవాడిని మనం జైల్లో పెట్టాం కదా సర్. నన్నే కట్టమంటున్నారు. ప్లగిన్ లేకుండా మామూలు ఓపెన్ సోర్స్‌తో మొదలుపెట్టాను.”

“ఎన్నాళ్ళు పడుతుంది?”

“చెప్పలేను సర్. మొదటి పేజీలో ఎవరి ఇంటి ఫొటో పైన రావాలో తేల్చుకోడానికి ఇరవై ఆరుగురు యజమానులూ హాల్లో కూర్చున్నారు.” లోపల ఎవరో బల్ల గుద్దారు. హేమలత గొంతు తగ్గించింది. “నేను బయట కాఫీ తోటలో నక్కి మాట్లాడుతున్నాను. వీలైతే మనుషుల్ని పంపండి.”