పొలిమేర దాటని కారవాన్

"పిల్లలున్నారు జాగ్రత్త అని రాసి ఉండాదే, పిల్లలు యాడ?"

ధరణి నాతో అన్న మొదటి మాట ఇది.

పాత స్కూలు బస్సు ఒకటి కొని, నెలల తరబడి తంటాలు పడి దాన్ని కారవాన్‌గా మార్చుకున్నాను. లోపల పడకలు, గ్యాస్ స్టవ్వు, చిన్న సింకు, నగరిలో మా నాయన మరమగ్గం మీద నేసిన గళ్ల కర్టెన్లు. పైన తెల్ల పెయింటు రెండు కోటింగులు. అయినా వెనకాల ఆ పాత అక్షరాలు మాత్రం పెయింటు చాటునుంచి తొంగి చూస్తూనే ఉన్నాయి. మొట్టమొదటి కిరాయి అని నగరి నుంచి ఉత్సాహంగా తిరుపతికొచ్చి, తాతయ్యగుంట దగ్గర వాళ్లింటి ముందు ఆపానో లేదో, ఆ పిల్ల కళ్లు సరిగ్గా అక్కడే పడ్డాయి.

"అది... పెయింటు... కింద... పాతది..." అన్నాను.

"బండి బాగానే ఉండాది. స్టార్టింగ్ ట్రబులు డ్రైవరుకే ఉన్నట్టుండాది."

అబద్ధం కాదు. నా పేరు ధనంజయ. స్నేహితుల మధ్య నా నోటికి తాళం వేయడం ఎవరి తరమూ కాదు. కానీ కొత్తవాళ్లు, పెద్దవాళ్లు, నవ్వితే ఎడమ బుగ్గ సొట్టపడే అమ్మాయిలు ఎదురైతే మాట గొంతులోనే ఉండిపోతుంది. ధరణి వెటర్నరీ కోర్సు పూర్తిచేసింది. ఏనుగుల డాక్టరు కావాలని ఆమె కోరిక. నన్ను కూడా ఏదో జబ్బు చేసిన జంతువును చూసినట్టే పరీక్షగా చూసింది.

వాళ్ల నాయన మునిరత్నం గారు ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలారు గానీ విజిల్ వదల్లేదు. అది ఎప్పుడూ మెడలోనే ఉంటుంది.

"సూడప్పా, ఒక విజిల్ కొడితే ఆపాల. రెండు కొడితే పోవాల. స్టీరింగు నీది, సర్వీసు నాది. అర్థమయిందా?"

"అయింది సార్."

ఆయన వేసిన రూటు పెద్దదే. మన కొండ చుట్టూ ఉన్న శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కుతో మొదలుపెట్టి బన్నేరుఘట్ట, నాగరహొళె, బండీపూర్, ముదుమలై. అయిదు నేషనల్ పార్కులు. వంట బండిలోనే, పడక బండిలోనే.

ఒకటే చిక్కు. ఆ రాత్రే గంగమ్మ జాతర చాటింపు. డప్పు మోగిందంటే జాతర ముగిసేదాకా ఊరివాళ్లెవరూ పొలిమేర అవతల రాత్రి నిద్ర చేయకూడదు. పగలు ఎక్కడికైనా వెళ్లొచ్చు, చీకటిపడేలోగా ఇల్లు చేరాలి. మునిరత్నం గారి తల్లి గురవమ్మ అవ్వ ఈ విషయంలో ఎవరిమాటా వినదు. "డప్పు వినకముందే దాటేస్తే దోషం ల్యా, పెద్ద జాతర నాటికి వచ్చేస్తాం గదమ్మా" అని కొడుకు బతిమాలితే, అదీ అరమనసుతో ఒప్పుకుంది.

మధ్యాహ్నానికి సామానంతా ఎక్కింది. ధరణి వాళ్లమ్మ రేవతి గారు అప్పుడే పెట్టిన మామిడికాయ ఊరగాయ జాడీకి గుడ్డ కట్టి పసిబిడ్డలా తెచ్చి సింకు పక్కన పెట్టింది. ఇంట్లోకి పిలిచి నాకు కాఫీ ఇచ్చారు. తాగి వచ్చి సీట్లో కూర్చున్నాను. వెనక నుంచి రెండు విజిళ్లు మోగాయి.

చెయ్యి పెట్టి చూస్తే తాళం చెవి లేదు.

డాష్‌బోర్డు మీద వెంకన్న ఫోటో ముందు పెట్టి వెళ్లినట్టు నాకు బాగా గుర్తు. ఫోటో ఉంది, చెవి లేదు. సీట్ల కింద, పరుపుల కింద, బియ్యం డబ్బాలో, అవ్వ వక్కాకు సంచిలో, అన్నిచోట్లా వెతికాం. ధరణి అందరికంటే ఎక్కువ హడావిడిగా వెతికింది.

"ఏమప్పా, తాళం చెవి పెట్టుకునేకి ఒక జేబు ల్యా నీకు?" అని మునిరత్నం గారు మొదలుపెట్టారు. "నా సర్వీసులో ఒక్క ట్రిప్పు క్యాన్సిల్ కాలే. ఒక్కటి! నువ్వు వచ్చినావు, అయిపోయింది!"

నేను తల వంచుకుని నిలబడ్డాను. అది నాకు బాగా అలవాటైన పని.

రెండో తాళం నగరిలో మా ఇంట్లో ఉంది. ఫోన్ చేస్తే మా అమ్మ దాన్ని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపింది. ఆ బస్సు దారిలో టైరు పంచరై నింపాదిగా తిరుపతి చేరింది. నేను ఆ తాళం చెవి తీసుకుని పరుగున వచ్చేసరికి వీధి మొదట్లో డప్పు మోగుతోంది.

అవ్వ రెండు చేతులూ జోడించి దండం పెట్టుకుని, తీర్పు చెప్పింది. "అయిపోయింది. ఇంగ ఎవురూ కదిలేది ల్యా. ఏమబ్బోడా, నువ్వూ డప్పు విన్న్యావు గదా? నువ్వూ ఈడనే."

"నేను నగరి వాడిని అవ్వా..."

"డప్పుకి నగరి, తిరుపతి అని తెలస్తాదా?"

పైకి బాధపడినట్టు మొహం పెట్టాను. లోపల మాత్రం ఆ పంచరైన టైరుకు మనసారా దండం పెట్టుకున్నాను.

మర్నాటి నుంచి మా టూరు మొదలైంది. అయిదు పార్కులకు ఒక టూరు కావాల్సింది, ఒకే పార్కుకు అయిదు టూర్లయింది. ఒకరోజు మామండూరు వైపు నుంచి వెళ్లి ఆ అడవే చూశాం. ఇంకోరోజు తలకోన వైపు నుంచి వెళ్లి మళ్లీ ఆ అడవే చూశాం. పొద్దు వాలగానే విజిల్. అవ్వ ముందు సీట్లో కూర్చుని సూర్యుణ్ణి, నా స్పీడోమీటరును మార్చి మార్చి చూసేది. ఇంటి ముందు ఆపాక అందరూ బండిలోనే పడుకునేవాళ్లు, డబ్బులిచ్చి మాట్లాడుకున్నాం గదా అని. ఇంటికి తాళం వేసి ఇంటి ముందే క్యాంపింగ్ చేసిన కుటుంబం తిరుపతి మొత్తం మీద ఇదొక్కటే అయివుంటుంది. వీధిలోవాళ్లు వాకింగుకు పోతూ పోతూ కర్టెను తొలగించి "ఏం వదినా, ఈ పొద్దు యాడున్నారు, ముదుమలైలోనా?" అని అడిగేవాళ్లు.

నేను డ్రైవింగ్ చేస్తుంటే ధరణి నా వెనక నిలబడి కబుర్లు చెప్పేది. అడవిదున్నకు కోపమొస్తే ఎలా చూస్తుందో, ఏనుగుకు పంటినొప్పి వస్తే ఎలా కనిపెట్టాలో చెప్పేది. అద్దంలో నేను చూస్తే, ఆమె అంతకుముందే చూస్తూ ఉండేది.

"రోడ్డు ముందర ఉండాది డ్రైవరు గారూ."

"ట్రాఫిక్... వెనక నుంచే ఎక్కువగా వస్తా ఉండాదండీ."

అంత పెద్ద వాక్యం నా నోట్లోంచి వచ్చినందుకు నేనే బిత్తరపోయాను. ఆమె బుగ్గ సొట్టపడింది. ఆ రోజు రెండుసార్లు దారి తప్పాను. రెండుసార్లూ మునిరత్నం గారు తాళం చెవి సంగతి ఎత్తి తిట్టారు.

తలకోనలో వాన పట్టుకుంది. వేసవి వాన, ఉరుములతో సహా. బండి పక్కన నేను కట్టిన తార్పాలు పందిరి నీళ్లతో బాగా ఉబ్బింది. "దీన్ని ఇట్ల తోస్తే నీళ్లు పోతాయి" అంటూ మునిరత్నం గారు కట్టెతో పొడిచారు. నీళ్లన్నీ ఆయన నెత్తిమీదే పోయాయి. ఆయన తుడుచుకోవడానికి, రేవతి గారు ఆయనకు తుండు వెతకడానికి బండిలోకి వెళ్లారు. పందిరి కింద నేను, ధరణి, పెరుగన్నం గిన్నె మిగిలాం.

పెరుగన్నంలోకి నంజుకోవడానికి ఊరగాయ జాడీ మూత తీశాను.

"అది వద్దు! ఇంకా ఊరలే!"

ఈ మాట ఆమె రోజూ అంటూనే ఉంది. అప్పటికే గరిటె లోపలికి దిగింది. ముక్కతోపాటు ఒక ప్లాస్టిక్ కవరు పైకొచ్చింది. కవరులో నా తాళం చెవి.

కవరు మీది కారం తుడిచాను.

"బాగానే ఊరింది" అన్నాను.

ధరణి తల దించుకుంది. ఆమె తల దించుకోగా నేను చూడటం అదే మొదలు. "బండీపూర్ పోదాం నాయనా అని ఎన్నేళ్లుగానో అడుగుతా ఉండా. టూరు అన్నాడని ఎంత సంబరపడినానో! బయలుదేరే రోజు ఫోనులో మాట్లాడతా ఉంటే విన్న్యా. బన్నేరుఘట్ట గేటు దగ్గర బెంగుళూరు సంబంధం వాళ్లు కాసుకోని ఉంటారంట. ఏనుగుల్ని సూపిస్తానని చెప్పి నన్ను సూపించేకి తీసకపోతా ఉండాడు."

"అందుకని నా తాళం..."

"చేతికందింది అదే. నాలుగు మాటలు తిట్టి ఊరుకుంటాడనుకున్న్యా. రోజూ తిడతాడని నాకేం తెలుసు? నువ్వు రోజూ తలొంచుకోని నిలబడతావనీ నాకు తెలీదు." మెల్లగా అంది. "నాకు నిద్ర పట్టడం ల్యా. తాళం సంగతి ఒకటే అయితే ఇన్నాళ్లు మేలుకోను."

వాన చప్పుడుకు సరిగ్గా వినిపించలేదేమో అనుకున్నాను. ఆమె కళ్లు చూశాక వినిపించిందని అర్థమైంది.

"జాతర అయిన మర్నాడే బెంగుళూరికి పోదామంటా ఉండాడు. నువ్వు మా నాయనతో మాట్లాడతావా?"

"నేనా?"

"ఊఁ. నీకెట్ల నోరొస్తాదిలే" అని ఆమె లేచేలోగా, నెత్తిమీద కిటికీ కర్టెను తొలిగింది. లోపల అవ్వ వక్క నములుతూ కూర్చుంది. మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టుంది.

"నోరు రానోనికే గదా అమ్మవారు వేషం పెట్టింది" అంది. "జాతరలో బండ వేషం కట్టినోడు ఎవుర్నైనా తిట్టచ్చు. తిట్టించుకున్నోళ్లు కోపం తెచ్చుకోగూడదు. నా కొడుకైనా సరే."

వేషాల రోజు కారవానే మా మేకప్ గది. నా ఒళ్లంతా కుంకుమ పూసి, మెడలో కనకాంబరాల దండలు వేసి, అవ్వ దగ్గరుండి నన్ను ఎర్రగా చేసింది. పడకల అవతలివైపు మునిరత్నం గారు ఆడవేషం కట్టుకుంటున్నారు. ధరణికి చిన్నతనంలో అమ్మవారు పోసినప్పుడు మొక్కుకున్న మొక్కట. అప్పటినుంచి ప్రతి ఏడాదీ కడుతున్నారు. పట్టుచీర, సవరం, గాజులు, ముక్కుపుడక. మీసం మాత్రం తీయలేదు. విజిల్ కూడా.

గుడి వీధి నిండా జనం. డప్పులు, వేపాకు మండలు, తిట్లు, నవ్వులు. అవ్వ నన్ను కొడుకు ఎదురుగా నిలబెట్టి వీపు మీద ఒక్కటి చరిచింది. "ఊఁ, తిట్టు!"

"సార్, మీరు..."

"మీరు అని తిడతారంట్రా యాడైనా?" అవ్వ కసిరింది. చుట్టూ జనం గొల్లుమన్నారు.

ఆ నవ్వుకు నాలో ఏదో తెగింది. "ఓయ్ విజిలాయనా!" అని అరిచాను. "ఎప్పుడు జూసినా పీ పీ అని నా చెవులు చిల్లులు పడినాయి! అయిదు పార్కులంటివి, ఒగే చెట్టుని అయిదు దినాలు సూపిస్తివి! కన్నబిడ్డకి ఏనుగులని చెప్పి పెండ్లికొడుకుని సూపిస్తావా? మనిషివేనా నువ్వు? నీ కూతుర్ని చూసేకి బెంగుళూరు నుంచి ఎవుడో రావాల్నా? దినామూ అద్దంలో నేను చూస్తా ఉండా గదా! నాకు ఆ పిల్లంటే ప్రాణం! ఇస్తే ఇయ్యి, ల్యాకపోతే... ల్యాకపోతే కూడా ఇయ్యి!"

డప్పులవాళ్లు కూడా ఆగారు. మునిరత్నం గారు సవరం సర్దుకున్నారు. కోపం తెచ్చుకోకూడదు, నిజమే. కానీ ఆయన కూడా వేషంలోనే ఉన్నారన్న సంగతి నేను మరిచిపోయాను.

"ఒరే తాళంచెవి నాయాలా!" అన్నారు. "ఒగ తాళం చెవిని కాపాడుకోలేనోడివి, నీకు పిల్లనిస్తే పిల్లని యాడ పారేసుకోని వస్తావురా?"

నా దగ్గర జవాబు ఉంది. నడుముకు కట్టిన పంచెలోనే, ఊరగాయ వాసనతో ఉంది. తీసి చూపిస్తే ఆయన నోరు మూతపడుతుంది, కానీ ధరణి దొంగవుతుంది. ఇంత అరిచిన నోరు మళ్లీ మూసుకుని తల వంచాను.

"ఆయప్ప పారేసుకోలే నాయనా." జనంలోంచి ధరణి ముందుకొచ్చింది. "నేనే దాచినా. ఊరగాయలో."

"నా ఊరగాయలోనా!" రేవతి గారు గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నువ్వుండు రేవతీ." మునిరత్నం గారి గొంతు మారింది. "నీకోసమేనమ్మా ప్రతి ఏడూ ఈ చీర కట్టేది. నాకు చెప్పకుండా దాస్తావా?"

"నాకోసం చీర కట్టినావు. నీకెట్లాంటోడు కావాలమ్మా అని ఒక్క మాట అడగలేకపోయినావు గదా నాయనా."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వేషం లేనివాళ్లమీద కోపం చేసుకోవచ్చు కాబట్టి, అవ్వ గబుక్కున నా భుజం మీద కుంకుమ చేతికి రాసుకుని మనవరాలి రెండు బుగ్గలకూ పూసేసింది. "ఇంగ ఇదీ వేషమే. తిట్టేకి ల్యా."

మునిరత్నం గారు నా వైపు తిరిగారు. "నీకు తెలుసునా?"

"తలకోనలో తెలిసింది సార్."

"మరి నేను ఇంత తిడతా ఉంటే చెప్పలేదేం?"

"చెప్తే మీరు ఆమెని తిడతారు గదా సార్."

"మళ్లా మీరంట!" అవ్వ నెత్తి కొట్టుకుంది.

ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశారు. తర్వాత కూతురి ఎర్రటి బుగ్గలు చూశారు. పమిట సర్దుకుని, నగల మధ్యలోంచి విజిల్ బయటికి తీసి నోట పెట్టుకున్నారు.

ఒక విజిల్ మోగింది.

ఒకటంటే ఆగాలి. నా ఊపిరి ఆగింది. ధరణి చెయ్యి వచ్చి నా చేతిని గట్టిగా పట్టుకుంది. ఆ పట్టుకున్న చేతులను మునిరత్నం గారు చూశారు. ముక్కుపుడక కింద మీసం కొంచెం కదిలింది.

రెండో విజిల్ కూడా మోగింది.

డప్పులు ఒక్కసారిగా అందుకున్నాయి. నేను ఆయన కాళ్ల మీద పడబోతే చీరకు కుంకుమ అంటుతుందని వెనక్కి గెంతారు. ధరణి ఏడుస్తూ నవ్వుతోంది. రేవతి గారు ఇంకా ఊరగాయ గురించే అడుగుతోంది.

"ఈ పొద్దే నగరికి పోయి మీ అమ్మానాయనతో మాట్లాడొస్తాం పా" అని మునిరత్నం గారు కారవాన్ వైపు నాలుగడుగులు వేశారు.

అవ్వ ఆయన కొంగు పట్టుకుని ఆపింది. "పొద్దు సూడు యాడుండాదో! పిల్లనిస్తే ఇయ్యి గానీ, పొలిమేర దాటేది మాత్రం జాతర అయినాకనే."